పక్షులను నిదానించి చూచుట

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 6:25–34; లూకా 12:6–7, 22–31; యిర్మీయా 8:7



చింతనుగూర్చి కొండమీది ప్రసంగములో మన ప్రభువు చెప్పిన మాటలు మనలో నోటికి రానివారు అరుదు. అయినను ఆ భాగములో ప్రభువు మనకు ఒప్పగించిన పని యేమిటని అడిగినచో చాలమంది చింతింపకుండుటయే అని చెప్పి ఊరకుందురు. అంతమాత్రమే కాదు. చింత విడువుమని చెప్పిన నోటితోనే ఆయన మరియొక పని చెప్పెను: పక్షులను చూడవలెను, పొలములోని పువ్వులను గమనింపవలెను. మత్తయి 6:26లో గ్రీకు మూలమున ఉన్న మాట ‘ఎంబ్లెప్సతె’. దారిన పోవుచు కన్ను వేయుట కాదు, దృష్టి నిలిపి చూచుట అని దాని భావము. 28వ వచనములో పువ్వులనుగూర్చి ‘కతమథెతె’ అని యున్నది. శిష్యుడు అను అర్థమిచ్చు ‘మథేతేస్’ అను మాటయు అదే ధాతువునుండి పుట్టినది. కాబట్టి పువ్వునొద్ద శిష్యునివలె నేర్చుకొనుట అని గ్రహింపవచ్చును. లూకా 12:24లో కాకులనుగూర్చి ‘కతనోఏసతె’ అను మాట వాడబడెను. అది మనస్సు పెట్టి ఆలోచించుట. మనము ఈ మూడింటిని చూడుము అను ఒక్క మాటలో కలిపివేసికొని, ఆ పని ఎన్నడును చేయక, చింత మాత్రము పోలేదని ప్రభువుకు మొరపెట్టుచున్నాము.

చూచుట కూడ నేర్చుకొనవలసిన విద్యయే. దీనికి ఈ నెల మేము తీసికొను ఉదాహరణ మీకు వింతగా ఉండవచ్చును. అమెరికా దేశములో ఇంటి పెరటిలో తీపినీళ్ల సీసా వ్రేలాడదీసి, దానియొద్దకు వచ్చు హమ్మింగ్‌బర్డ్ అను పిట్టను ఫోటో తీయుట నేర్చుకొను సంగతి అది.

ఈ పిట్ట మన దేశములో లేదు. ఉత్తర దక్షిణ అమెరికా ఖండములలోను వాటి చుట్టునున్న దీవులలోను తప్ప లోకములో మరెక్కడను లేదు. అక్కడ మాత్రము అలాస్కా మొదలుకొని దక్షిణపు చివరి కొనవరకు 350కి మించిన జాతులు కలవు. మన తోటలలో మందారముమీదను మునగపూతమీదను వ్రాలు తేనెపిట్టను చూచి చదువుకొన్న పిల్లలు కొందరు ఇదే హమ్మింగ్‌బర్డ్ అనుచున్నారు. అది వేరు కుటుంబము. మన తేనెపిట్ట సాధారణముగా కొమ్మపై కూర్చుండి పువ్వులో ముక్కు పెట్టును. హమ్మింగ్‌బర్డ్ గాలిలోనే ఒకచోట నిలిచి త్రాగును. ముందుకే గాక వెనుకకును ఎగురును. దాని కాళ్లు కొమ్మను పట్టుకొనుటకు పనికివచ్చును గాని నడచుటకు పనికిరావు. రెక్కలు కొట్టుకొనునప్పుడు ఝుమ్మని మ్రోగును గనుక దానికి ఆ పేరు వచ్చినది. యూదయ గలిలయ దేశములలో అది లేదు గనుక బైబిలులో దాని పేరు వెదుకవద్దు.

అమెరికా తూర్పు భాగములో గూడు కట్టి పిల్లలను లేపునది ఒకే జాతి. దాని మగపిట్ట కంఠము కెంపురంగుతో మెరయును. బరువు సుమారు 3 గ్రాములు. మన చేతిలో ఆడుచున్న రూపాయి నాణెముకంటె తక్కువ. అది ఎగురునప్పుడు గుండె నిమిషమునకు 1,000 సార్లకు మించి కొట్టుకొనును. ఆడుపిట్ట సాలెగూటి దారములతోను దూదివంటి మెత్తని నారతోను గూడు అల్లి, చిక్కుడుగింజలంతేసి రెండు గ్రుడ్లు పెట్టును. ఇంత అల్పమైన ప్రాణి శరత్కాలములో తన బరువును దాదాపు రెండింతలు చేసికొని దక్షిణమునకు బయలుదేరును. వాటిలో అనేకములు మెక్సికో సింధుశాఖను ఒక్క బిగిని దాటును. నడుమ వ్రాలుటకు ఒక్క కొమ్మ లేదు. సుమారు 800 కిలోమీటర్లు, విశాఖపట్టణమునుండి కలకత్తాకు సముద్రముమీదుగా పోయినంత దూరము. మరల వసంతములో తన కాలమెరిగి తిరిగివచ్చును. యిర్మీయా 8:7లో ప్రవక్త కొంగయు గువ్వయు తమ కాలము నెరుగును గాని ప్రజలు ఎరుగరని దుఃఖించెను. ఆయన ఈ పిట్టను చూచియుండినచో దానిని కూడ ఆ వరుసలో చేర్చియుండునేమో!

ఇక ఫోటో సంగతి. మన సంఘపు పెద్దలలో ఒకరు, రైతు, 2022లో భార్య ప్రభువునందు నిద్రించిన తరువాత, 2023 ఏప్రిల్‌లో కుమారునియొద్దకు ఉత్తర కరోలినా రాష్ట్రమునకు వెళ్లి ఆరు నెలలు ఉండిరి. వారి సెలవు తీసికొనియే ఇది వ్రాయుచున్నాము. వెళ్లునాటికి వారికి రెండు పంటల ప్రత్తి అప్పు ఉన్నది. పగలు కొడుకును కోడలును పనికి పోవుదురు, మనుమరాలు బడికి పోవును, ఇరుగుపొరుగు మాట తెలియదు. ఒకనాడు ఫోనులో వారు మాతో అన్నది ఇది: “అయ్యగారూ, ఇక్కడ గోడలు చూసుకుంటూ కూర్చున్నాను. రాత్రి నిద్ర లేదు. ప్రార్థనకు మోకరిస్తే అప్పు లెక్కలే నోటికొస్తున్నాయి.” మేము మత్తయి 6వ అధ్యాయము చదువుమంటిమి. “అది నాకు నోటికి వచ్చు అయ్యగారూ. గొంతు దాటి కిందికి దిగటం లేదు” అనిరి. ఆ మాటకు జవాబు చెప్పుట ఏ దైవజనునికైనను కష్టమే.

జవాబు మనుమరాలినుండి వచ్చినది. ఆ పిల్ల పెరటిలో ఎఱ్ఱని ఫీడరు ఒకటి వ్రేలాడదీసి, తండ్రి కెమెరాను తాతగారి చేతికిచ్చి, “తాతయ్యా, మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేలోపల ఒక్క పిట్టనైనా పట్టు” అన్నదట.

ఫీడరులో పోయునది తేనె కాదు. తేనెను నీటిలో కలిపినచో త్వరగా పులిసి బూజు పట్టి పిట్టకు హాని చేయును. తెల్లని పంచదార ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు; అంతే. ఎఱ్ఱరంగు కలుపనక్కరలేదు, కలుపరాదు. సీసా మూత ఎఱ్ఱగా ఉన్న చాలును. ఎండకాలములో రెండు మూడు దినములకొకసారి పారబోసి వేడినీళ్లతో కడిగి క్రొత్తది పోయవలెను. కిటికీ అద్దములకు తగిలి పిట్టలు చచ్చును గనుక ఫీడరు అద్దమునకు బాగుగా దగ్గరగానైనను చాల దూరముగానైనను ఉంచవలెను గాని నడుమ ఉంచరాదు. తీపినీళ్లే దాని ఆహారమనుకొనవద్దు. సన్నని పురుగులను సాలీళ్లను తిని అది బలము తెచ్చుకొనును. ఈ సీసా లేకపోయినను దేవుడు దానిని పోషించును. సీసా మన కొరకే.

మొదటి వారము పెద్దాయనకు దొరికినవి ఆకాశము పటములు, ఫీడరు పటములు. పిట్టను చూచి వ్రేలు నొక్కునప్పటికి పిట్ట లేదు. దానిని తరుముటచేత దొరకదని వారు తెలిసికొనుటకు ఎనిమిది దినములు పట్టెను. అప్పుడు కెమెరా ప్రక్కన పెట్టి ఊరక చూచుట మొదలుపెట్టిరి. చూడగా చూడగా ఒక సంగతి కనబడెను. పిట్ట ముక్కు రంధ్రములో పెట్టి త్రాగి, జానెడు వెనుకకు జరిగి గాలిలో ఒక్క క్షణము నిలిచి, మరల వచ్చి త్రాగును. ప్రతిసారియు అట్లే. ఆ నిలుచుచోటు ఎక్కడనో ముందుగా తెలిసినచో పిట్ట వెంట పరుగెత్తనక్కరలేదు. కెమెరాను మూడుకాళ్ల స్టాండుమీద బిగించి ఆ చోటికే గురిపెట్టి కాచుకొనవచ్చును. ఫీడరుకు నాలుగు రంధ్రములున్నవి. మూడింటిని అంటుకాగితముతో మూసి ఒకటే విడిచిరి; పిట్ట వచ్చు దారి ఒకటే ఆయెను. కుర్చీని దినమునకు రెండడుగులు దగ్గరకు జరుపుకొనుచు, నెల తిరుగునప్పటికి పది అడుగుల దూరమున కూర్చుండగలిగిరి. తెల్లవారినంతనే ఒకసారి, ప్రొద్దు గుంకుటకు ముందొకసారి పిట్టలు ఎక్కువగా వచ్చును. గనుక ఉదయకాల ప్రార్థన కూడ ఆ కుర్చీలోనే జరిగెను.

అప్పటికి పిట్ట పటములో పడుచున్నది, కాని రెక్కలు పొగవలె పడుచున్నవి. దీనికి లెక్క ఉన్నది. ఆ జాతి పిట్ట రెక్క సెకనుకు సుమారు 50 సార్లు కొట్టుకొనును. ముందుకొకటి వెనుకకొకటి, అనగా సెకనుకు 100 విసురులు. కెమెరా కన్ను సెకనులో 1,000వ వంతు మాత్రమే తెరచినను, ఆ లోపల రెక్క తన విసురులో పదియవ వంతు జరిగిపోవును. మన కంటికి రెక్కకు బదులు మసక కనబడుటయు ఇందుకే. దీనికి ఉపాయము కెమెరా కన్నులో లేదు, దీపములో ఉన్నది. ఫ్లాష్ దీపమును పూర్తి బలముతో కాక 16వ వంతు, 32వ వంతు బలమునకు తగ్గించినచో దాని మెరుపు సుమారు సెకనులో 10,000వ వంతు కాలములోనో అంతకు తక్కువలోనో ముగియును. ఫీడరును నీడలో పెట్టి, ఆ మెరుపే పిట్టకు ముఖ్యమైన వెలుగగునట్లు చేసినచో, అంతసేపటిలో రెక్క విసురులో నూరవ వంతు మాత్రమే కదలును. ఈకకు ఈక వేరుగా కనబడును. బలము తగ్గించిన దీపము కాబట్టి రెండు మూడు దీపములు దగ్గరగా పెట్టవలసివచ్చును. ఎక్కువ స్పష్టత కావలెనన్న దీపము బలము తగ్గించవలెననుట మొదట వారి బుద్ధికి ఎక్కలేదట.

ఈ మార్గమును తెరచినవారు అమెరికా శాస్త్రజ్ఞులే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడైన హెరాల్డ్ ఎడ్జెర్టన్ అతివేగమైన మెరుపుదీపమును వృద్ధిచేసి, దానితో హమ్మింగ్‌బర్డ్ రెక్కను పటములో నిలిపెను. తరువాత డ్యూపాంట్ కంపెనీకి అధ్యక్షుడుగా ఉన్న క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్ అట్టి దీపములను మోసికొని ఈ పిట్టల వెంట తిరిగి 1960లో వాటినిగూర్చి పెద్ద పుస్తకము ప్రకటించెను. అంత గొప్ప కంపెనీ భారము మోయుచున్నవాడు 3 గ్రాముల పిట్ట యెదుట గంటలకొలది కనిపెట్టుకొని కూర్చుండుట మాకు ముచ్చటగా తోచుచున్నది.

ఇంకొక చిక్కు కంఠమునుగూర్చినది. వారి పటములలో మగపిట్ట కంఠము నల్లగా పడుచుండెను. కెంపురంగు ఆ ఈకలకు అద్దిన రంగు కాదు. ఈకయొక్క సూక్ష్మమైన కట్టడిపై వెలుగు పడి తిరిగివచ్చుటలో పుట్టునది. వెలుగు చూచువాని వెనుకనుండి పోయి, పిట్ట అతనివైపు తిరిగినప్పుడే ఆ రంగు మండును; కొంచెము ప్రక్కకు తిరిగెనా, నలుపే. అందుచేత సూర్యుడును ఒక దీపమును తమ వీపు వెనుకకు వచ్చునట్లు కుర్చీ మార్చుకొనిరి. దృష్టి ఎల్లప్పుడు పిట్ట కంటిమీద నిలుపవలెను. రెక్క చెదరినను కన్ను తేటగా ఉన్న పటము బ్రతుకును. వెనుక దూరపు చెట్ల పచ్చదనము తప్ప మరేమియు లేకుండ చూచుకొనవలెను. గూటియొద్దకు మాత్రము కెమెరాతో పోరాదని మనుమరాలు ఆజ్ఞ పెట్టెనట. మంచి ఆజ్ఞ.

జూలై నెలలో వారు పంపిన మొదటి మంచి పటము మేము ఫోనులో పెద్దది చేసి చూచితిమి. నాలుక కొనపై నీటిబొట్టు కూడ కనబడుచున్నది. దానిక్రింద వారు వ్రాసినది ఇంతే: “ఇవాళ మూడు గంటలు కూర్చున్నాను. అప్పు గుర్తు రాలేదు.”

ఇక్కడ మనము కొంత నిలువవలెను. అప్పు మరచిపోవుటయే ప్రభువు ఉద్దేశమా? కాదు. పక్షులు విత్తవు కోయవు అను మాటను పట్టుకొని సోమరులు తమకు ఆధారము చేసికొనుట మన గ్రామములలో చూచుచున్నాము. పెద్దాయన ఆ పిట్టను చూచినంత నిదానముగా చూచినవారు ఆ మాట అనలేరు. అది తెల్లవారినది మొదలు వందలకొలది పువ్వులను దర్శించును. కొన్ని గంటలు తిండి లేనిచో దాని ప్రాణమునకు అపాయము. పరలోకపు తండ్రి దానిని పోషించును గాని గూటిలో నోటికి అందించి పోషించుట లేదు. కొట్లు లేవు గాని పని ఉన్నది. అయితే చలి రాత్రులలో దాని సంగతి చూడుడి: తన వేడిని తగ్గించుకొని, నిమిషమునకు 50 వరకు గుండెను నెమ్మదింపజేసికొని, చచ్చినదానివలె కదలక పడియుండును, తెల్లవారగనే వణకి వణకి వేడెక్కి మరల ఎగురును. పగటి పని పగటికి, రాత్రి విశ్రాంతి రాత్రికి. రాత్రివేళ లెక్కలు వేయుచు మేల్కొనియుండునది మనమే.

పిట్టలలో నీతిమంతులున్నవనియు భ్రమపడవద్దు. పెద్దాయన ఫీడరునొద్ద ఒక మగపిట్ట కాపు పెట్టెను. ఆ సీసాలోని నీళ్లు అది వారములోనైనను త్రాగజాలదు. అయినను మరియొక పిట్ట వచ్చెనా, బాణమువలె దూకి తరుమును. చెరువు తూమునొద్ద గునపము పట్టుకొని నిలిచిన మనవారు కొందరు వారికి జ్ఞప్తికి వచ్చిరట, పేర్లతో సహా! వారు దానిని కొట్టలేదు, కసరలేదు. ఇంటి అవతలి ప్రక్కను, ఆ పిట్టకు కనబడనిచోట, రెండవ సీసా కట్టిరి. ఒకే పిట్ట రెండు ప్రక్కల కాపు ఉండజాలదు గదా.

ఇంతకంటె కష్టమైన సంగతి ఒకటి కలదు. సింధుశాఖను దాటబోయిన పిట్టలన్నియు దాటవు. ఎదురుగాలి వచ్చినచో, తుఫాను పట్టినచో, క్రొవ్వు కరగిపోయినచో అవి సముద్రములో పడును. దేవుడు పోషించుచున్నాడు గనుక ఏ పిచ్చుకయు పడదని ప్రభువు చెప్పలేదు. లూకా 12:6 చూడుడి. రెండు కాసులకు ఐదు పిచ్చుకలు. మత్తయి 10:29లో ఒక కాసుకు రెండు. ఆ కాసు రోమీయుల అస్సారియోను, ఒక దినపు కూలియైన దేనారములో 16వ వంతు. రెండు కాసులకు నాలుగు రావలసియుండగా ఐదవది కొసరు. సంతలో విలువ లేని ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువడని ప్రభువు చెప్పెను. పడుట ఉన్నది, మరచుట లేదు. ప్రత్తి కాలిపోయిన సంవత్సరమున మా పొలము ఎందుకు నిలువలేదని అడుగు సహోదరునికి మేము చెప్పగలిగినది ఇంతే, దీనిని తగ్గించియు పెంచియు చెప్పజాలము. భార్యను సమాధి చేసివచ్చిన ఆ పెద్దాయన ఈ వచనమునుగూర్చి మాతో మాటలాడినప్పుడు, “పడినవాటి లెక్క ఆయన దగ్గర ఉంది కదా అయ్యగారూ” అని మాత్రము అనిరి. ఆమె పేరు పలుకలేదు.

అక్టోబరు మొదటివారములో పిట్టలు వెళ్లిపోయినవి. నెల ముగియకముందే వారును తిరిగివచ్చిరి. అప్పు తీరలేదు. అయితే వచ్చిన వారములోనే, పగటివేళ, వడ్డీవ్యాపారిని ఇంటికి పిలిచి, కుమారుని ఫోనులో కూర్చుండబెట్టి, సంఘపు పెద్దలు ఇద్దరి యెదుట కాగితముపై అసలెంత వడ్డీ ఎంత అని వ్రాయించిరి. ఏటేట ఇంత అని కట్టుటకు ఒప్పందమాయెను. అంతకు ముందు రెండేండ్లు ఆ కాగితమును వారు తెరచి చూడనే లేదు. ఇట్టి కాగితములు మన యిండ్లలో ఇంకను ఎన్ని పెట్టెల అడుగున ఉన్నవో! వాటిని తెరచి చూచునప్పుడు తోడు కావలసినవారు సంకోచింపక మాయొద్దకును పెద్దలయొద్దకును రావలెను.

వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధనకు ముందు, ఉదయము ఆరు గంటలకు, సండేస్కూలు పిల్లలను ఆ పెద్దాయన తమ పెరటి మునగచెట్టునొద్దకు తీసికొనిపోవుదురు. మన తేనెపిట్టకు సీసా అక్కరలేదు, పూత చాలును. కెమెరాలు ఫోనులు ఇంటియొద్ద విడిచి రావలెను. అరగంట మాటలాడకుండ కూర్చుండి, పిట్ట ఏ పువ్వునుండి ఏ పువ్వుకు పోయెనో, ఎక్కడ నిలిచెనో, ఎన్నిసార్లు తిరిగివచ్చెనో ప్రతివారును పలకమీదనో కాగితముమీదనో వ్రాసికొనవలెను. పెద్దలు కూడ రావచ్చును గాని వారికిని మాటలాడుటకు సెలవు లేదు. ఆ తరువాత గుడిలో మత్తయి 6:25–34 చదువుదుము.